కారు ప్రాణం యెక్కడున్నది?

మాయల ఫకీరు ప్రాణం యేడు సముద్రాల అవతల చిలకలో వున్నదని చిన్నప్పుడు మనమంతా విన్నవాళ్ళమే. కారు ప్రాణం అంత దూరాన లేదు. బానెట్టు యెత్తితే చాలు, ఒక మూలగా నల్లని పెట్టెలో కనిపిస్తుంది. అయినా ఆ సంగతి నాకు బోధపడడానికి ఒక కాళరాత్రి కావలసివచ్చింది.

2020 ఏప్రిల్ నెల మధ్య. దేశమంతా లాక్‌డౌను. మా తెనాలిలో వీధులు చిన్నబోయి వున్నాయి. రాత్రి రెండు గంటలవేళ మా నాన్నగారికి ఆయాసం పుట్టింది. వుబ్బసం ఆయనకు పాత చుట్టమే. కాని ఆ రాత్రి మందు పీల్చినా లొంగలేదు. ఆంబులెన్సుకు ఫోను చేస్తే బండి దూరపు పల్లెకు వెళ్ళిందన్నారు. రోడ్డు మీద ఆటో అన్నది లేదు. ‘మన కారుండగా భయమేమిటి!’ అని ధైర్యం చెప్పి, నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి, అమ్మను పక్కన పెట్టి, తాళం తిప్పాను. యింజను పలకలేదు. టకటకమని పళ్ళు కొరికినట్టు చప్పుడు చేసి వూరుకున్నది. మళ్ళీ తిప్పాను. యీసారి ఆ చప్పుడూ తగ్గింది.

మా ఆవిడ, యిరుగుపొరుగు కుర్రాళ్ళు యిద్దరు కలిసి వీధి చివరి దాకా నెట్టారు. కదలడం కదిలింది గాని బ్రతకలేదు. అప్పుడు యెదురింటి పెద్దాయన లేచి వచ్చారు. ముప్ఫయ్యేళ్ళు లారీలు నడిపిన మనిషి.

‘‘మాష్టారూ, తాళం తిప్పడం ఆపండి. వున్న కాస్త కూడా తాగేస్తున్నారు. హెడ్‌లైట్లు వెయ్యండి చూద్దాం’’ అన్నారు.

వేశాను. ఆముదపు దీపాల్లా యెర్రగా మినుకుమన్నాయి.

‘‘యింజనుకు జబ్బేమీ లేదు. బ్యాటరీ పడుకుంది’’ అని, లోపలికి వెళ్ళి యెర్రదీ నల్లదీ రెండు లావుపాటి తీగలు తెచ్చి, తన కారు నా కారు పక్కన నిలబెట్టారు. అయిదు నిమిషాల్లో నా బండి గర్జించింది. ‘‘గుంటూరు చేరేదాకా యింజను ఆపకండి’’ అని ఒక్క మాట చెప్పారు. నాన్నగారికి తెల్లవారేసరికి ప్రాణవాయువు అందింది. ఆ తరువాత మరి మూడేళ్ళు మా మధ్య వున్నారు. ఆ రాత్రి నేర్చుకున్నదీ, ఆపైన అడిగి తెలుసుకున్నదీ పాఠకులతో పంచుకోవాలని యీ నాలుగు మాటలు.

రెండు సీసాలు

తెలుగు మాష్టారుకు సీసం కొత్త కాదు. నేను క్లాసులో చెప్పే సీసానికి పాదంలో ఆరు యింద్రగణాలు, రెండు సూర్యగణాలు. కారు బ్యాటరీలోని సీసానికి ఆరు ఘటాలు. ఒక్కొక్క ఘటంలో సీసపు పలకలు, వాటి చుట్టూ నీళ్ళు కలిపిన గంధకామ్లం వుంటాయి. ఘటానికి రెండు వోల్టుల పైచిలుకు చొప్పున ఆరింటికీ కలిపి పన్నెండు వోల్టుల బ్యాటరీ అవుతుంది. యీ యేర్పాటును మొదట చేసి చూపినవాడు గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, 1859లో. మొన్నమొన్నటి అంబాసిడర్లకు ముందు నుంచి తిప్పే హ్యాండిలు వుండేది. బ్యాటరీ మొరాయిస్తే నాలుగు తిప్పులు తిప్పేవారు. యిప్పటి కార్లకు ఆ ఆసరా లేదు. పైగా పెట్రోలు పంపు, కంప్యూటరు కూడా కరెంటు మీదే ఆధారపడ్డాయి. అందుకే బ్యాటరీ పూర్తిగా చచ్చినప్పుడు వూరంతా కలిసి నెట్టినా ఫలితం లేదు. కాస్త వూపిరి మిగిలి వుంటే మాత్రం నెట్టి స్టార్టు చేయవచ్చు. అదీ చేత్తో గేర్లు మార్చే బండికే. ఆటోమాటిక్ బండిని నెట్టే ప్రయత్నం చేయవద్దు.

నాడి చూసే విధం

వైద్యుడు నాడి పట్టుకున్నట్టు, తాళం తిప్పినప్పటి చప్పుడు పట్టుకోవాలి. టకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే బ్యాటరీలో సత్తువ లేదని అర్థం. లైట్లు దివ్యంగా వెలుగుతూ, ఒకే ఒక్క ‘టక్’ వినిపించి ఆగిపోతే, తీగల బిగింపులోనో స్టార్టరులోనో దోషం వుండవచ్చు. యింజను చక్కగా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీని నిందించి లాభం లేదు. పెట్రోలు సంగతో మరొకటో చూసుకోవాలి.

తరువాత బ్యాటరీ కొమ్ములు చూడండి. తెల్లగానో పచ్చగానో బూజులాంటి పొడి పేరుకొని వుంటే కరెంటు దాటదు. వంటసోడా కలిపిన వేడినీళ్ళతో పాత బ్రష్షు పెట్టి కడిగి, తుడిచి, బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయాలి. విప్పేటప్పుడు నల్లతీగ ముందు, తగిలించేటప్పుడు నల్లతీగ చివర. యీ వరస తప్పితే పానా బండి యినుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు ఒకటి యింట్లో వుండడం మంచిది. రాత్రంతా ఆగివున్న బండి బ్యాటరీ మీద ఉదయాన పెట్టి చూస్తే 12.6 వోల్టులు వస్తే నిండుకుండ. 12.2 అయితే సగం కుండ. 12కు దిగితే అడుగంటినట్టే. యింజను నడుస్తూ వుండగా సుమారు 13.8 నుంచి 14.5 దాకా రావాలి. అప్పుడు కూడా పన్నెండు చిల్లరే చూపితే దోషం బ్యాటరీది కాదు, దాన్ని నింపే ఆల్టర్నేటరుదో దాని బెల్టుదో. యీ తేడా తెలియక కొత్త బ్యాటరీ కొని, వారం తిరక్కుండా అదీ పడుకోబెట్టినవాళ్ళు వున్నారు.

కుండకు చిల్లి

నా బండికి వచ్చిన జబ్బేమిటి? మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు లోపల పెట్టినది, మూడు వారాల పైన కదలలేదు. ఆగివున్న కారు నిద్రపోతుందనుకుంటాం. గడియారం, దొంగల అలారం, కంప్యూటరు జ్ఞాపకం, యివన్నీ బొట్టుబొట్టుగా తాగుతూనే వుంటాయి. యిది 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే. రోజుకు 1.2 ఆంపియర్ గంటలన్నమాట. చిన్నకారు బ్యాటరీ 35 ఆంపియర్ గంటలది. కొత్తదే అయినా పదిహేను రోజుల్లో సగమవుతుంది. నాదేమో నాలుగేళ్ళది.

మరి నేను వూరుకున్నానా? మూడు రోజులకోసారి వెళ్ళి స్టార్టు చేసి, ఏసీ పనిచేస్తున్నదా లేదా చూసి, రెండు నిమిషాల్లో ఆపేసి వచ్చేవాణ్ణి. అదే జాగ్రత్త అనుకున్నాను. మూడు రోజుల్లో కారిపోయింది 3.6 ఆంపియర్ గంటలైతే, అది రెండు నిమిషాల్లో యెలా తిరిగివస్తుంది? వారానికి ఒక్కసారి అయినా అరగంట, ముప్పావుగంట రోడ్డు మీద నడిపితేనే నిండుతుంది.

చిల్లి పెద్దదైతే యింకా త్వరగా ఖాళీ అవుతుంది. డిక్కీలో 5 వాట్ల చిన్న దీపం ఆరకుండా వుండిపోతే మూడున్నర రోజులు. హెడ్‌లైట్లు మరచిపోతే మూడు గంటలు చాలు. యేదీ మరవకుండానే తరచు పడుకుంటూ వుంటే, తరువాత బిగించిన కెమెరాలు, పాటల పెట్టెల మీద అనుమానపడి మెకానిక్కు చేత కరెంటు చిల్లి వెతికించాలి.

తీగలు తగిలించే వరస

పెద్దాయన ఆ రాత్రి చేసినది క్రమంగా చెబుతాను. రెండు కార్లూ ఒకదానికొకటి తగలరాదు. రెండింటినీ ఆపాలి. యెర్రతీగ ఒక కొస చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లతీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు. దానికి దూరంగా, ఆ బండి యింజను మీద రంగులేని గట్టి లోహానికి. యెందుకంటే బ్యాటరీ నుంచి హైడ్రోజను వాయువు వెలువడుతుంది, దానికి నిప్పురవ్వ చాలు. అగ్గిపుల్ల గీసి వెలుతురు చూసుకోవడం, బీడీ నోట్లో పెట్టుకొని వంగడం ప్రాణాంతకం. మంచి బండి ముందు స్టార్టు చేసి, కొద్ది నిమిషాలాగి, రెండోది స్టార్టు చేయాలి. తీసేటప్పుడు యీ వరసే తలకిందులు.

‘‘తొందరలో లారీ బ్యాటరీకి మాత్రం తగిలించేరు! అది యిరవైనాలుగు వోల్టులు, మీ బండి కంప్యూటరు కాలిపోతుంది’’ అని పెద్దాయన హెచ్చరించారు. ‘‘బాబాయిగారూ, మరి యిక యిది నిండిపోయినట్టేనా?’’ అంటే నవ్వి, ‘‘మూర్ఛపోయినవాడికి సోడా పట్టించాం, అన్నం యింకా పెట్టలేదు’’ అన్నారు. నిజమే. ఒకసారి పడుకున్న బ్యాటరీని చార్జరు మీద పెట్టి పూర్తిగా నింపాలి. ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే పలకల మీద సీసపు గంధకిత స్ఫటికాలు గట్టిపడి, మళ్ళీ కరగవు.

మన యెండలకు మరొక మాట. చలిదేశాల్లో బ్యాటరీ చలికి బిగుసుకుపోతుంది. మన దగ్గర వేసవి దాని ఆయువు తింటుంది. వీలున్నంత వరకు నీడన నిలపండి. మూతలున్న రకమైతే నెలకోసారి నీటిమట్టం చూసి, డిస్టిల్డు వాటరే పోయండి. కుళాయి నీరు వద్దు, ఆసిడ్ అసలే వద్దు. చేతికో కంటికో ఆసిడ్ తగిలితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కడగాలి. కంటికైతే ఆపైన వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసిందే. మూడు నాలుగేళ్ళు నిండిన బ్యాటరీని యేటా పరీక్ష చేయించి, వేళకు మార్చండి. పాతది దుకాణంలోనే యిచ్చేయండి. సీసం పిల్లల మెదడుకు విషం. దాన్ని తిరిగి తీసుకొని శుద్ధికి పంపే బాధ్యత తయారీదార్లదేనని 2022 నిబంధనలు చెబుతున్నాయి.

గట్టి మనిషిని మనం ‘గట్టి ఘటం’ అంటాం. ఆరు ఘటాల బ్యాటరీ గట్టిదే, కాని కనిపెట్టి చూసుకోకపోతే చెప్పకుండా పోతుంది. యిప్పుడు మా యింట్లో ఆదివారం ఉదయం కారు తీసి కృష్ణకాలువ గట్టు వెంట అరగంట తిరిగిరావడం నియమం. పెట్రోలు దండగని మొదట్లో సణిగిన అమ్మే యీమధ్య, ‘‘ఒరే, బండికి యీ వారం అన్నం పెట్టావా?’’ అని అడుగుతున్నది.