బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలు

ఊబకాయానికి చేసే స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు 75–80 శాతం తీసివేస్తారు. కొద్దిగా తినగానే కడుపు నిండుతుంది. బరువుతోపాటు చాలామందికి షుగరు, బి.పి. కూడా అదుపులోకి వస్తాయి. అయినా ఆ మందులను మీ అంతట మీరు మానకండి, డాక్టరు గారే తగ్గిస్తారు.

"బరువు తగ్గింది కదా, ఇక మాత్రలెందుకు?" అనుకోవడమే ప్రమాదం. తక్కువ తిండితో ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్లు చాలవు. రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు, ఎముకల బలహీనత కొన్నేళ్లకు బయటపడవచ్చు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీరు తాగిన మన నల్గొండ ప్రాంతం వారు కాల్షియం విషయంలో అసలే అశ్రద్ధ చేయరాదు. విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాలి. రక్తపరీక్ష ఏటా చేయించుకోవాలి.

• ముందు గుడ్డు, పప్పు, పెరుగు. ఆ తర్వాతే అన్నం. బాగా నమిలి తినండి.
• భోజనం మధ్యలో నీళ్లు వద్దు. అరగంట ఆగి గుక్కగుక్కగా తాగండి.
• కల్లు, సారా త్వరగా తలకెక్కుతాయి. ముట్టకండి.
• స్త్రీలు ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.
• వాంతులు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి రండి. బి1 విటమిన్ లోపిస్తే మెదడు, నరాలు దెబ్బతింటాయి.

కుటుంబ సభ్యులకు ఒక మాట: విందుల్లో "ఇంకొంచెం" అంటూ బలవంతంగా వడ్డించకండి. వేళకు మాత్ర గుర్తుచేయండి. వారికి అదే పెద్ద సాయం.