గింజ తీయని బేలు

గుంటూరు నల్లరేగడిలో పండిన పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరాక దాని మీద రెండు పనులు జరుగుతాయి. ముందు రోలర్ల మధ్య పడి గింజ విడిపోతుంది. తరవాత ఆ దూదిని ప్రెస్సులో వేసి, గట్టిగా నొక్కి, పట్టీలు బిగించి బేలు కడతారు. మన దేశంలో బేలు లెక్క 170 కిలోలు. సుమారు ఐదు క్వింటాళ్ల పత్తికి ఒక బేలు దూది దిగుతుంది, మిగిలినదాంట్లో చాలావరకు గింజే. మొదటి పనితో బరువు తగ్గుతుంది. రెండో పనితో బరువు రవ్వంత కూడా తగ్గదు, లారీలో పట్టే చోటు మాత్రం తగ్గుతుంది. తుళ్లూరు చుట్టుపక్కల పత్తి వేసే ఇళ్లలో ఈ తేడా పిల్లలకైనా తెలుసు. గింజతో ఉన్న పత్తిని అలాగే నొక్కి, ఎంత చిన్న బేలు కట్టామో చూడండి అంటే నూలు మిల్లువాళ్లు దాన్ని గేటు దాటనివ్వరు. వెబ్‌సైట్లు కట్టే పనిలో మాత్రం గింజ తీయని బేళ్లు రోజూ మన ఫోన్లకు వస్తూనే ఉన్నాయి. పంపినవాళ్లు నొక్కిన తరవాతి కొలత చూసి తృప్తిపడుతున్నారు. ఆ బేలు పేరు జావాస్క్రిప్ట్ బండిల్, దాన్ని కట్టే యంత్రం పేరు బండ్లర్. దాని బరువును ఏ కాటా మీద తూచాలన్న ప్రశ్నకు జవాబు ఆ యంత్రం పుట్టి పెరిగిన తీరులోనే దొరుకుతుందని నా నమ్మకం.

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్‌కు తొలి రూపం ఇచ్చినప్పుడు కట్టల అవసరమే లేదు. పేజీలో ఒక బొమ్మ మార్చడానికో, ఫారంలో నింపకుండా వదిలేసిన గడిని చూపడానికో పదీ ఇరవై లైన్లు సరిపోయేవి. ఒక ఫైలు ఇంకో ఫైలును పిలిచి సాయం తీసుకునే పద్ధతి కూడా ఆ భాషలో లేదు. 2009లో రయన్ డాల్ నోడ్.జేఎస్‌తో ఆ భాషను బ్రౌజర్ దాటించి సర్వర్ మీదికి తెచ్చాడు. మరుసటి ఏడు ఎన్‌పీఎం వచ్చింది. ఎక్కడో ఎవరో రాసిన కోడ్‌ను ఒక్క ఆజ్ఞతో మన ప్రాజెక్టులోకి దింపుకోవడం అలవాటైంది. సర్వర్‌లో దీనివల్ల ఇబ్బంది లేదు, ఫైళ్లన్నీ అక్కడి డిస్కులోనే ఉంటాయి. బ్రౌజర్ మాత్రం ప్రతి ఫైలునూ నెట్‌వర్క్ మీద విడిగా అడిగి తెచ్చుకోవాలి. అప్పటి పద్ధతిలో ఒక సర్వర్‌తో ఒకేసారి ఆరు కనెక్షన్లకు మించి తెరవదు కూడా. అందుకే 2011లో జేమ్స్ హాలిడే బ్రౌజరిఫై రాశాడు, 2012లో జర్మనీ నుంచి టోబియాస్ కాపర్స్ వెబ్‌ప్యాక్ తెచ్చాడు. వందల ఫైళ్లను వెతికి, ఏది ఎవరికి కావాలో వరస కట్టి, ఒక్క మూటగా చేసి ఇవ్వడం వీటి పని. అంటే బండ్లర్ పుట్టిందే చేరవేత కష్టం తీర్చడానికి. దానితో పనిచేసేవాళ్లకు చేరవేత కొలతే అసలు కొలతగా తోచడానికి కారణం అదేనేమో.

ఆ చేరవేతకు నొక్కే పని కూడా తోడైంది. 2010లో వచ్చిన అగ్లిఫై లాంటి పనిముట్లు కోడ్‌లోని ఖాళీలనూ వ్యాఖ్యలనూ తీసేసి, పొడుగు పేర్లను ఒక్క అక్షరానికి కుదించాయి. దాని పైన జీజిప్ ఎప్పటినుంచో ఉంది. 1977లో లెంపెల్, జివ్ చెప్పిన ఉపాయంతో, ఒకసారి వచ్చిన మాట మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా ఇంత వెనక చూడు అని గుర్తు పెడుతుంది. 1952 నాటి హఫ్‌మన్ పద్ధతితో, ఎక్కువసార్లు వచ్చే గుర్తుకు పొట్టి సంకేతం ఇస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఒకే మాటలు పదేపదే వస్తాయి కాబట్టి ఫైలు మూడు నాలుగు రెట్లు చిన్నదవుతుంది. 2016లో ప్రమాణంగా నిలిచిన గూగుల్ బ్రాట్లీ ఇంకా బాగా నొక్కుతుంది. ఇవన్నీ గొప్ప పనులే. అయితే బేలు మిల్లుకు చేరగానే పట్టీలు కోస్తారు, దూది మళ్లీ పొంగుతుంది. ఫోన్‌కు చేరిన బండిల్ కూడా అంతే. ముందు పూర్తిగా విప్పాలి. విప్పినదాన్ని అక్షరం అక్షరం చదవాలి, యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి, ఆపైన నడపాలి. ఈ పనిలో ఎక్కువ భాగం జరుగుతున్నంతసేపూ తెర మీద వేలు పెట్టినా పేజీ పలకదు.

ఈ సంగతిని గూగుల్ క్రోమ్ బృందంలోని ఆడీ ఉస్మానీ ఒక పోలికతో చూపించాడు. 170 కిలోబైట్ల జావాస్క్రిప్ట్, 170 కిలోబైట్ల ఫొటో తీసుకోండి. సెకనుకు 400 కిలోబిట్ల నెట్‌వర్క్ మీద రెండూ రావడానికి సమానంగా 3.4 సెకన్లు పడుతుంది. ఫొటోను విప్పి తెర మీద వేయడం సెకనులో పదో వంతు పని. జావాస్క్రిప్ట్‌ను చదివి మార్చడానికి దాదాపు రెండు సెకన్లు, నడపడానికి మరో సెకనున్నర అతనికి తేలింది. మన బేలు బరువు అంకె ఇక్కడా కనిపించడం కాకతాళీయమే అయినా, గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. 2018లో అతనే చెప్పిన మరో కొలతలో, సీఎన్ఎన్ సైటు జావాస్క్రిప్ట్‌ను చదివి మార్చడానికి ఐఫోన్ 8కు నాలుగు సెకన్లు పడితే మోటో జీ4కు పదమూడు పట్టింది. పంపిన కట్ట ఒక్కటే. మోసే భుజం బలాన్ని బట్టి కాలం మూడింతలైంది.

కట్ట లోపల ఏముందో చూసే పరికరం చరిత్ర బండ్లర్ల కంటే పాతది. 1990లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ ప్రయోగశాలలో పద్నాలుగు మంది కలిసి వాడుకునే 80 మెగాబైట్ల హార్డ్ డిస్క్ నిండిపోయింది. ఎవరి ఫైళ్లు ఎంత చోటు తింటున్నాయో కంటికి కనపడాలని ఆయన ఒక దీర్ఘచతురస్రాన్ని పరిమాణాన్ని బట్టి గడులుగా, గడుల్లో మళ్లీ గడులుగా కోశాడు. ట్రీమ్యాప్ అలా పుట్టింది. వెబ్‌ప్యాక్ బండిల్ ఎనలైజర్ అనే పరికరం చూపేది ఈ పటాన్నే. రాజధాని భూసమీకరణ మొదలైన 2015 నుంచి ప్లాట్ల లేఅవుట్లు తిరగేస్తున్న తుళ్లూరు మండలంలో దీన్ని చదవడం ఎవరికీ నేర్పక్కర్లేదు. పెద్ద గడి ఎవరిదో, అది అక్కడ ఎందుకుందో అడగడమే మొదటి పని. ఆ పరికరంలో మూడు కొలతలు ఉంటాయి. స్టాట్ అంటే మూల ఫైళ్ల బరువు, పార్స్‌డ్ అంటే అనవసరమైనవి తీసి కుదించాక బరువు, జీజిప్ అంటే నొక్కాక పరిమాణం. మన మాటల్లో పత్తి, దూది, బేలు. డెవలపర్లు గొప్పగా చెప్పుకునేది మూడోది. నేను చూడమనేది రెండోదాన్ని. కట్టలు కట్టే యంత్రాలు కూడా ఇదే చెబుతాయి. వెబ్‌ప్యాక్ 250 కిలోబైట్లు దాటితే హెచ్చరిస్తుంది, వీట్ అనే మరో పనిముట్టు 500 దాటితే హెచ్చరిస్తుంది, రెండూ నొక్కకముందు బరువునే లెక్కలోకి తీసుకుంటాయి.

బండ్లర్ గింజ తీయడం నేర్చుకున్నది 2015 నుంచే. ఆ ఏడు వచ్చిన భాషా ప్రమాణంలో, ఏ ఫైలు ఏం ఇస్తుందో, ఏ ఫైలు ఏం తీసుకుంటుందో కోడ్‌ను నడపకుండానే, చదివి తెలుసుకునేలా మాడ్యూళ్లను రూపొందించారు. అదే ఏడు రిచ్ హ్యారిస్ రోలప్ రాసి, ఎవరూ తీసుకోని కోడ్‌ను కట్టలోకి రానివ్వకుండా చేశాడు. దీన్ని ట్రీ షేకింగ్ అంటారు, చెట్టును దులిపి ఎండుటాకులు రాల్చడం. పేరు అందంగానే ఉంది కానీ జరిగే పని జిన్నింగ్‌కే దగ్గర, ఎందుకంటే ఇందులో కష్టమంతా అంటుకుని ఉన్నదాన్ని విడదీయడంలో ఉంది. ఒక ఫైలును తాకగానే అది వేరేచోట ఏదైనా మార్చే అవకాశం ఉంటే, అది ఎవరికీ అక్కర్లేదని యంత్రం తెగించి చెప్పలేదు, ఉంచేస్తుంది. 2018లో వెబ్‌ప్యాక్ 4 ఇందుకో దారి చూపింది, మా ఫైళ్లలో అలాంటి చాటు పనులు లేవని లైబ్రరీ రాసినవాళ్లే ముందుగా హామీ ఇచ్చేలా. పాత పద్ధతిలో రాసిన లైబ్రరీలకు ఈ రోలర్లు ఇప్పటికీ సరిగా పనిచేయవు. లోడ్యాష్ అనే లైబ్రరీలో ఒక్క చిన్న పనిముట్టు కోసం మొత్తాన్ని పిలిస్తే, కుదించాక కూడా 70 కిలోబైట్ల దాకా వెంట వస్తుంది. అక్కడ మనిషి కూర్చోవాలి. మిరప కల్లంలో ఎర్రకాయల మధ్య నుంచి తాలుకాయల్ని చేత్తో ఏరినట్టు, పటం ముందు పెట్టుకుని ఒక్కో గడినీ ఇది నిజంగా కావాలా అని తేల్చాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది డేటా చవక. 2016లో జియో వచ్చాక గిగాబైట్ల లెక్కే మారిపోయిందన్నది నిజం. కానీ చవకైంది రోడ్డు, భుజం కాదు. తక్కువ ధర ఫోన్‌లో ప్రాసెసర్ నిదానం, జావాస్క్రిప్ట్ ప్రధానంగా ఒకే దారిలో నడుస్తుంది కాబట్టి ఎనిమిది కోర్లున్నా పేజీకి పెద్దగా అక్కరకు రావు. రెండో అభ్యంతరాన్ని నేను ఇంకా గౌరవిస్తాను. పై కొలతలు పాతవి, క్రోమ్‌లోని వీ8 ఇంజిన్ ఆ తరవాత కోడ్‌ను చదివే పనిని చాలా వేగం చేసింది. 2019లో ఆ బృందమే, చదివి మార్చడం ఇక పెద్ద ఖర్చు కాదని, మిగిలిన ఖర్చు దిగుమతికీ నడపడానికీ అని రాసింది. ఒప్పుకోవలసిందే. అయితే నడపడం అన్నది నొక్కితే తగ్గే ఖర్చు కాదు, కట్టలో కోడ్ తగ్గితేనే తగ్గుతుంది. కాబట్టి ఆ మెరుగుదల వల్ల నా వాదంలో అంకెలు మారతాయి, దిశ మారదు. ఒకసారి వచ్చింది ఫోన్‌లో దాచి ఉంటుంది కదా అనేది మరొకటి. ఉంటుంది, కొత్త విడుదల వచ్చేదాకా. ఫైలులో ఒక్క లైను మారినా దాని పేరు మారుతుంది, కట్టంతా మళ్లీ దిగాలి. పెద్ద కట్టను ముక్కలు చేసి, కావలసినప్పుడు కావలసిన ముక్క పంపడం దీనికి మంచి మందే. కాపర్స్ వెబ్‌ప్యాక్ రాయడానికి ప్రేరణే అది. కానీ ముక్కలు చేయడం వాయిదా వేయడమే. పది ముక్కల్లో ప్రతి ఒక్కదానిలో గింజ ఉంటే, చివరికి అంత గింజా ఫోన్‌కు చేరుతుంది. ఇక డెవలపర్ సమయం ఖరీదైనదన్న మాట. పటం తెరిచి పెద్ద గడులు నాలుగు చూడటానికి గంట పట్టదు. ఆ గంట పెట్టకపోతే పోయే సెకన్లు, పేజీ తెరిచిన ప్రతి మనిషివీ.

ఆ మనిషి ఇప్పుడు రైతు. 2025-26 సీజన్‌లో పత్తి మద్దతు ధరకు అమ్ముకోవాలంటే భారత పత్తి సంస్థ (సీసీఐ) వారి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవలసి వచ్చింది. అది వెబ్ బండిల్ కాదు, యాప్. కానీ అడంగల్ చూసేదీ, మిర్చి ధర వెతికేదీ, దరఖాస్తు పెట్టేదీ ఆ ఫోన్‌లోనే, వాటిలో చాలా పేజీలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ఇక్కడే తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. బండిల్ తగ్గించే పాఠాల్లో మొదట చెప్పే ఉదాహరణ మొమెంట్ అనే తేదీల లైబ్రరీ. అందులో వందకు పైగా భాషల నెలల పేర్లు, వారాల పేర్లు ఉంటాయి. వెబ్‌ప్యాక్ వాటిని విడదీయలేక అన్నిటినీ కట్టలో వేసేది, దాంతో లైబ్రరీ దాదాపు నాలుగింతలయ్యేది. భాషలన్నీ కత్తిరించండి, ఇంగ్లిష్ చాలు అన్నది ఆ పాఠాలు చెప్పే మందు. కత్తిరించినవాటిలో తెలుగు కూడా పోతుంది. చిన్నదవ్వాలంటే తెలుగు వదులుకోవాలనే ఈ బేరాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ బేరం అవసరమే లేదు. బ్రౌజర్లలో ఇంటిల్ అనే వసతి ఉంది, దాని తొలి ప్రమాణం 2012 నాటిది. తెలుగు నెలలు, వారాలు, లక్షలు కోట్లుగా కామాలు పెట్టే పద్ధతి అందులో ముందే ఉన్నాయి. ఫోన్‌లో ఉన్న సరుకును మళ్లీ నెట్ మీద మోసుకురావడం దేనికి? మొమెంట్ నిర్వాహకులే 2020లో కొత్త ప్రాజెక్టులకు తమ లైబ్రరీ వద్దన్నారు. వాళ్లు చెప్పిన కారణాల్లో ఈ బరువు ఒకటి.

రెండో చిక్కు లిపిలో ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. 'తుళ్లూరు'లో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి ఎనిమిది గుర్తులు, అంటే 24 బైట్లు. ఈ మూడు బైట్లలో మొదటిది ఏ తెలుగు గుర్తుకైనా ఒకటే, రెండోది రెండు రకాలే, కాబట్టి జీజిప్ వాటిని బాగానే నొక్కుతుంది. బ్రాట్లీ వెంట పుట్టుకతో వచ్చే నిఘంటువులో ఇంగ్లిష్, స్పానిష్, చైనీస్, హిందీ, రష్యన్, అరబిక్ మాటలున్నాయి, తెలుగు లేదు. అసలు నష్టం వేరేచోట జరుగుతుంది. ఎవాన్ వాలెస్ రాసిన, 2020 నుంచి వాడుకలో ఉన్న ఈఎస్‌బిల్డ్ చాలా వేగమైన బండ్లర్. మనం వేరేగా చెప్పకపోతే అది ఇంగ్లిష్ కాని ప్రతి గుర్తునూ ఆరు అక్షరాల సంకేతంగా మార్చి రాస్తుంది. 'తుళ్లూరు' 48 బైట్లవుతుంది. మండలాలు, గ్రామాలు, పంటల పేర్లు తెలుగులో నింపిన ఫైలు దాదాపు రెండింతలవుతుంది. నొక్కాక చూస్తే ఈ రెండింపు దాదాపు కనపడదు, ఎందుకంటే ఆ సంకేతాల ముందు భాగమంతా ఒకేలా ఉండి సులువుగా అణిగిపోతుంది. పార్స్‌డ్ గడిలో చూస్తేనే తేలుతుంది. మందు ఒక్క అమరిక, అక్షరాలను యూటీఎఫ్-8లోనే ఉంచమని ఈఎస్‌బిల్డ్‌కు చెప్పడం. అది పెట్టాక ఆ ఊరి పేరు మళ్లీ 24 బైట్లకు వస్తుంది.