మీకు తెలుసా? మంచు మీద మట్టి చల్లే రైతులున్నారు

లద్దాఖ్ అనగానే సరిహద్దులో కాపలా కాసే జవాన్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్లే కుర్రకారు గుర్తొస్తారు. అక్కడ రైతులున్నారన్న సంగతి చాలామందికి తట్టదు. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది పొడవునా కురిసేది దాదాపు 100 మిల్లీమీటర్లే. మన కోస్తాలో తుపాను పడితే అంత వాన ఒక్కరోజులో కురుస్తుంది. అయినా అక్కడ వందల ఏళ్లుగా బార్లీ పండుతోంది. ఆ పంటలో రైతు కష్టంతో పాటు, నీళ్ల విషయంలో ఊరంతా కట్టుబడి ఉండటానికీ అంతే పాలుంది.

● లద్దాఖ్‌లో విత్తు వేసేది ఏప్రిల్, మే నెలల్లో. కాలువల్లోకి వచ్చేదంతా కొండల మీది మంచు, హిమానీనదాలు కరిగిన నీరే. 5,000 మీటర్లకు పైన ఉండే ఆ హిమానీనదాలు బాగా కరగాలంటే జూన్ రావాలి. సెప్టెంబరు దాటితే మళ్లీ చలి కమ్మేస్తుంది. నీళ్లు ఉన్నా అదనుకు అందవు. అక్కడి సేద్యపు చిక్కంతా ఇదే.

● జన్‌స్కార్ లోయలో వసంతం వచ్చినా పొలాల మీద మంచు పేరుకునే ఉంటుంది. అది కరిగేదాకా చేతులు కట్టుకు కూర్చుంటే అదను తప్పిపోతుంది. అందుకని నేల గడ్డకట్టకముందే, శరత్కాలంలోనే, మట్టి తవ్వి ఇంట్లో దాచుకుంటారు. వసంతంలో దాన్ని గంపలకెత్తి, మంచు మీద గుప్పెళ్లతో చల్లుతారు. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, నల్లటి మట్టి పీల్చుకుంటుంది. మట్టి పడిన చోట మంచు త్వరగా కరిగి, పొలం ముందుగా దుక్కికి వస్తుంది. ఏ పరికరమూ అక్కర్లేని ఇంత చక్కటి ఉపాయం ఎన్ని తరాల పరిశీలనో!

● మన చెరువుల కింద నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసే పనిని లద్దాఖ్ ఊళ్లలో చుర్‌పోన్ చేస్తాడు. ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎప్పుడు కట్టెయ్యాలో అతని మాటే చెల్లుతుంది. రాత్రి చలికి పైన మంచు కరగడం తగ్గి, వాగు సన్నబడుతుంది. ఆ కాసిని నీళ్లు కూడా వృథా కాకుండా ఊరి పైన జింగ్ అనే చిన్న కుంటలోకి మళ్లిస్తారు. తెల్లారేసరికి అది నిండుతుంది. పొద్దున్నే తూము తెరిస్తే నీళ్లు కాలువలో పారి, వంతు ఉన్న పొలం దగ్గరికి వస్తాయి. అక్కడ పారతో మడవ తెంచి ఒక మడి తడిపి, మళ్లీ మట్టి వేసి మూసి, పక్క మడికి తిప్పుతారు.

● చలికాలంలో వాగులో పారిపోయే నీళ్లను ఊరి పైనే మంచుగా నిలబెట్టిన ఇంజనీరు పేరు ఛెవాంగ్ నోర్ఫెల్. కుళాయి నుంచి కారిన నీళ్లు చెట్ల నీడలో గడ్డకట్టి పేరుకోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. వాగును ఎండ తగలని వాలులోకి మళ్లించి, అడ్డంగా వరసగా రాతికట్టలు కట్టించారు. వేగం తగ్గిన నీరు పొర మీద పొరగా గడ్డకట్టింది. ఇది అసలు హిమానీనదం కంటే చాలా కింద ఉంటుంది కనుక ముందే కరుగుతుంది. నీళ్లు సరిగ్గా విత్తే వేళకు దిగుతాయి. 1987లో ఫుక్త్సే గ్రామంలో మొదలైన ఈ పనికి 2015లో పద్మశ్రీ వచ్చింది.

తర్వాత లద్దాఖ్‌కే చెందిన ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ మరో దారి వెతికారు. వాగు ఎగువ నుంచి గొట్టం వేస్తే, ఎత్తు తేడా వల్లే నీరు పైకి చిమ్ముతుంది. మోటారు అక్కర్లేదు. గడ్డకట్టించే రాత్రి గాలిలో ఆ తుంపరలు మంచై, కింద శంకువులా పేరుకుంటాయి. ఆ ఆకారంలో ఎండ తగిలే పైభాగం తక్కువ కనుక నీడ లేని చోటా చాలాకాలం నిలుస్తుంది. 2013–14 చలికాలంలో లేహ్ దగ్గర చేసిన మొదటి నమూనా మే నెల దాకా కరగకుండా ఉంది. ఇవే మంచు స్తూపాలు.

● పొలం ముక్కలు కాకూడదని ఒకప్పుడు అన్నదమ్ములంతా ఒకే స్త్రీని పెళ్లాడేవారు. 1941లో చట్టం దాన్ని నిషేధించింది. పెద్దకొడుకు చేతికి సేద్యం రాగానే తల్లిదండ్రులు కొద్దిపాటి పొలంతో పక్కనున్న చిన్న ఇంటికి మారడమూ అక్కడి ఆనవాయితీ.

● సంప్రదాయ లద్దాఖీ మరుగుదొడ్డిలో నీళ్లు వాడరు. మట్టి, బూడిద వేస్తారు. కింది గదిలో అది ఎరువై పొలానికి వెళ్తుంది.

● ఇంత నేర్పున్నా నీళ్లు ఎండిపోయిన ఊరు జన్‌స్కార్‌లోని కుమిక్. దానికి ఆధారం కొండ మీద కురిసే మంచు ఒక్కటే. మంచు ఏటేటా తగ్గి వాగు ముందే ఎండిపోతుంటే, ఊరివాళ్లు కూడి ఊరినే కిందికి మార్చుకోవాలని తీర్మానించుకున్నారు. లుంగ్నాక్ నది నుంచి బీడు మైదానానికి తామే కాలువ తవ్వుకుని, అక్కడ కొత్త ఇళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. భూమిని వేడెక్కించి ఆ మంచు తగ్గడానికి కారణమైన పొగలో వాళ్ల వాటా ఏపాటిది?