ఇంటిలో పెద్ద విద్యుత్ పరికరమునకు ప్రత్యేకపు లైను

మన సభ్యులలో పలువురు నీళ్లు కాచు హీటరును, పిండిమరను, ఇంటిబావికి మోటారును కొనుచున్నారు. ఇవి సౌఖ్యము నిచ్చునవియే. కాని దీపమునకై వేసిన సన్నని పాతతీగకు వీనిని తగిలించుట లేగదూడ మెడపై కాడి మోపుట వంటిది. దూడ కూలును, తీగ కాలును.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. ఇంటికి వచ్చు ఒంటిఫేజు విద్యుత్తు 230 వోల్టులది. 2000 వాట్ల హీటరు సుమారు 8.7 ఆంపియర్ల ప్రవాహమును గైకొనును. 9 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపమునకు ఆంపియరులో పదవవంతైనను అక్కఱలేదు. ప్రవాహము రెండింతలైన తీగలో పుట్టు వేడిమి నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. గోడలోని తీగ కాగి, పైతొడుగు కరగి, నిప్పు పుట్టుట ఇట్లే. కావున ఈ క్రింది అయిదు సంగతులు గమనింపవలెను.

మొదటిది తీగ. మెయిను బోర్డునుండి ఆ పరికరమునకే వేఱుగా, నడుమ అతుకు లేకుండ రాగితీగ వేయింపవలెను. 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గరాదు. దూర మధికమైనచో 4 మేలు. ఫేజు, న్యూట్రలు, ఎర్తు మూడును గొట్టములో పోవలెను.

రెండవది సాకెట్టు. 16 ఆంపియర్ల మూడు రంధ్రములది కావలెను. ప్లగ్గు లేకుండ వట్టి తీగలను రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలు బిగించుట ప్రాణాంతకము.

మూడవది ఎం.సి.బి. ఈ లైనుకు 16 ఆంపియర్లది చాలును. మాటిమాటికి పడిపోవుచున్నదని 32 ఆంపియర్లది పెట్టుట కావలివాని కన్నులు గట్టుటయే.

నాల్గవది ఆర్‌.సి.సి.బి. ఎం.సి.బి. తీగను కాపాడును గాని మనుష్యుని కాపాడదు. దేహముగుండ పాఱి ప్రాణము తీయు స్వల్పప్రవాహము దానికి తెలియదు. ఆర్‌.సి.సి.బి. పోయిన ప్రవాహమును, తిరిగివచ్చిన ప్రవాహమును సరిచూచును. భేదము 30 మిల్లీఆంపియర్లకు చేరులోపల తెగగొట్టునట్టి రకమును కొనుడు. దానిపైనున్న పరీక్షా బొత్తామును నెల కొకసారి నొక్కి, అది తెగుచున్నదో లేదో చూడవలెను.

అయిదవది ఎర్తు. హీటరు లోపల తీగ చెడి ఇనుపతొట్టికి తగిలినచో, ఎర్తు లేనియెడల తొట్టిని ముట్టినవారికి విద్యుత్తు తగులును. చెమ్మగల తావున గోతిలో 2.5 మీటర్ల జస్తాపూత ఇనుపగొట్టము నిలిపి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, వేసవిలో దానికి నీరు పోయుచుండవలెను. కుళాయి గొట్టమునకు ఎర్తు కట్టకుడు. ఇప్పటి గొట్టములు పెక్కులు ప్లాస్టిక్కువి, అవి విద్యుత్తును నేలకు చేర్చవు.

ఈ పని లైసెన్సుగల కంట్రాక్టరుచేతనే చేయించి, మెగ్గరుతో తీగలను, ఎర్తు నిరోధమును పరీక్షింపించుడు. అదనపు లోడును విద్యుత్ కార్యాలయమునకు ముందుగా తెలిపి మంజూరు పొందవలెను. మరమ్మతు ఎంత చిన్నదైనను మెయిను ఆపి, టెస్టరుతో చూచిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

ఎవరికైనను షాకు తగిలినచో వారిని ముట్టకుడు. మెయిను ఆపుడు; ఆపుట కుదరనిచో పొడిపలకపై నిలిచి, పొడికఱ్ఱతో తీగను త్రోయుడు; వెంటనే 108 కు కబురు చేయుడు. ఈ సంగతులు ఇంటిలోని స్త్రీలకు, పిల్లలకు గూడ చదివి వినిపింపుడు; మీరు పొలమున నుండగా మెయిను ఆపవలసినవారు వారే.