ఒక్క స్ఫటికం, వేల శ్రుతులు

దేవగిరి ఎక్స్‌ప్రెస్ ధర్మాబాద్ దాటి బాసర వైపు సాగితే మహారాష్ట్ర అయిపోయి తెలంగాణ వస్తుంది. ఆ సరిహద్దు బండిలో ఎవరికీ పట్టదు, జేబులో ఫోనుకు తప్ప. ధర్మాబాద్‌ది మహారాష్ట్ర టెలికాం సర్కిల్. బాసరది, రాష్ట్రం వేరుపడ్డా, ఆంధ్రప్రదేశ్ సర్కిలే. అవతలి టవరు ఏ పౌనఃపున్యం మీద పలుకుతోందో ఫోను వెతుక్కుని చప్పున అక్కడికి మారాలి. ఆ మార్పు చేసిపెట్టేది ఫ్రీక్వెన్సీ సింథసైజర్.

ఫోనులో నమ్మదగిన శ్రుతి ఒక్కటే, క్వార్ట్జ్ స్ఫటికానిది. చాలా ఫోన్లలో అది 26 మెగాహెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది. కచ్చితమైనదే కానీ మొండిది, అక్కణ్ణుంచి కదలదు. కదిలే ఆసిలేటర్ వేరే ఉంది. తంబురా తీగ బిగించినట్టు వోల్టేజీ పెంచి దాని శ్రుతి మార్చొచ్చు, అయితే అది నిలకడ లేనిది. ఈ రెంటినీ ముడిపెట్టే ఫేజ్ లాక్డ్ లూప్‌కు మూలం 1932లో ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ ద బెల్సీజ్ రాసిన వ్యాసం. తర్వాతివాళ్లు అందులో భాజకాన్ని చేర్చారు. ఆసిలేటర్ శ్రుతిని ఒక సంఖ్యతో భాగించి స్ఫటికంతో పోల్చాలి, తేడా వస్తే ఆ మేరకు సరిదిద్దాలి. సంఖ్య మారిస్తే శ్రుతి మారుతుంది. నా దృష్టిలో అసలు ఘనత ఈ భాజకానిదే.

చిక్కు కూడా అక్కడే. జీఎస్ఎం చానళ్ల మధ్య ఎడం 200 కిలోహెర్ట్జ్. పూర్ణసంఖ్యలతోనే భాగిస్తే పోలికకూ 200 కిలోహెర్ట్జే వాడాలి. అప్పుడు 940 మెగాహెర్ట్జ్ కోసం 4,700తో భాగించాలి, పోల్చే భాగంలోని రొద 73 డెసిబెల్స్ పెరుగుతుంది. 26 మెగాహెర్ట్జ్‌తోనే నేరుగా పోలిస్తే? 36తో 11 సార్లు, 37తో రెండుసార్లు భాగిస్తే సగటున 940 వస్తుంది, రొద 31 డెసిబెల్స్‌కే ఆగుతుంది. అయితే అదే వరస తిరిగి తిరిగి వస్తుంటే పక్కన దొంగ శ్రుతులు మొలుస్తాయి. 1993లో రైలీ, కోప్‌లాండ్, క్వాస్నీవ్‌స్కీ అనే పరిశోధకులు డెల్టా-సిగ్మా పద్ధతితో ఆ వరసను చెదరగొట్టి, దానివల్ల వచ్చే రొదను లూప్‌లోని ఫిల్టరు ఆపగలిగే దూరానికి నెట్టారు.

ఇక విస్తృతి సంగతి. మన 5జీకి 700 మెగాహెర్ట్జూ కావాలి, 3,300 పైన ఉన్నదీ కావాలి. ఒకే ఆసిలేటర్‌ను అంత దూరం లాగాలంటే వోల్టేజీలో రవంత కదలికకే శ్రుతి చెదిరేటట్టు చేయాలి, అది రొదను కొనితెచ్చుకోవడమే. అందుకే 3,000 నుంచి 6,000 దాకా పలికించి రెండుతో, నాలుగుతో, ఎనిమిదితో భాగిస్తారు. 5,600ను ఎనిమిదితో భాగిస్తే 700. ఆ 3,000–6,000 మేరను కూడా కెపాసిటర్ల స్విచ్చులతో చిన్న చిన్న పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీలో మాత్రమే వోల్టేజీతో నడుపుతారు. పట్టీలు ఒకదాని మీద ఒకటి కొంత పడేలా ఉండాలి. మే నెల నాందేడ్ ఎండలో చిప్పు వేడెక్కి శ్రుతి జరిగితే, మాట్లాడుతుండగా పట్టీ మార్చడం కుదరదు. ఎంత జరిగినా ఉన్న పట్టీలోనే లాక్కురావాలి.