పేరు లేనోడికి ప్రమాదం జరగదు: క్వారీ చావులూ రోగాలూ ఎవరు రాయాలి?

మా పెదనాన్న చనిపోయాక ఇంట్లో మిగిలిన కాయితాలు మూడు. రేషను కార్డు జిరాక్సు, టీబీ మందుల కార్డు, పట్నం ఆసుపత్రి వాళ్లిచ్చిన ఎక్స్‌రే కవరు. ఇరవై ఏళ్లకు పైగా రాళ్ల క్వారీల్లో కంప్రెసర్ డ్రిల్లు పట్టిన మనిషి. ఆ మాట ఈ మూడు కాయితాల్లో ఎక్కడా లేదు. డాక్టరు "చుట్ట తాగుతావా?" అని అడిగాడట. "ఏం పని చేశావు?" అని అడగలేదట. "దుమ్ము మింగీసినాడు నాయనా, దగ్గలేక పోనాడు" అంటుంది పెదమ్మ. రోగానికి అసలు కారణం ఆమె నోట్లో ఉంది. కాయితం మీద మాత్రం టీబీ ఉంది.

కొండకర్ల అనగానే చదువుకున్నవాళ్లకు ఆవ గుర్తొస్తుంది. తాటి దోనెలు, శీతాకాలంలో దిగే పిట్టలు, ఫొటోలు. ఆవ గట్టునుండి పనులకు పోయే జనం ఎవరికీ గుర్తురారు. ఇదే అచ్యుతాపురం మండలంలో 2024 ఆగస్టు 21న సెజ్‌లోని ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోతే దేశమంతా తెలిసింది. తెలియాల్సిందే. కానీ ఒక్కొక్కడుగా, ఒక్కో క్వారీలో, ఒక్కో ఊపిరితిత్తిలో జరిగే చావు వార్త కాదు. వార్త కాకపోతే పోనీ, కనీసం రిజిస్టరులోకైనా ఎక్కుతుందా? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది అదొక్కటే.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. గని అంటే సింగరేణి ఒక్కటే కాదు. ఖనిజం కోసం నేల తవ్వే చోటు చట్టం దృష్టిలో గనే. ఇంటి రాయి, రోడ్డు కంకర కోసం కొండను తొలిచే క్వారీ కూడా గనే. 1952 గనుల చట్టం చిన్న క్వారీలకు కొంత మినహాయింపు ఇచ్చింది. అది దక్కాలంటే తవ్వకం ఎక్కడా ఆరు మీటర్ల లోతు దాటకూడదు, ఏ రోజూ 50 మందికి మించి పనిలో ఉండకూడదు, పేలుడు మందు వాడకూడదు. మూడూ ఒకేసారి కుదరాలి. అంటే తూటా పేల్చిన క్వారీ "మాది చిన్నది బాబూ" అని తప్పించుకోవడానికి వీల్లేదు. తూటా పేల్చకుండా నల్లరాయి తీసే క్వారీని మేమైతే చూడలేదు.

ఆ చట్టం 23వ సెక్షను ఏం చెప్పింది? ప్రాణం పోయినా, ఒళ్లు తీవ్రంగా దెబ్బతిన్నా యజమానీ, ఏజెంటూ లేదా మేనేజరూ అధికారులకు నోటీసు పంపాలి. ఆ నోటీసు కాపీని యూనియన్ వాళ్లు చూడగలిగే చోట బోర్డు మీద పద్నాలుగు రోజులు ఉంచాలి. ఎముక విరగడం, చూపు పోవడం, చెవుడు రావడం, వేలు తెగడం ఇవన్నీ తీవ్ర గాయాల కిందికే వస్తాయి. మూడు రోజులు పనికి రాలేనంత దెబ్బ తగిలితే రిజిస్టరులో రాసి మూడు నెలలకోసారి కాపీ పంపాలి. చావు జరిగితే రెండు నెలల్లో విచారణ జరపాలి. నోటీసు పంపకపోతే శిక్ష ఏమిటి? మూడు నెలల జైలు లేదా 500 రూపాయల జరిమానా, లేదా రెండూ. క్వారీలో ఒక్క లారీ లోడు ఖరీదెంతో తెలిసినవాళ్లు ఈ 500 చూసి నవ్వుకోవచ్చు.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. దీని 10వ సెక్షను ప్రకారం చావుతో పాటు, 48 గంటలు పనికి పోలేకుండా చేసిన గాయం కూడా నోటీసు పంపాల్సిన ప్రమాదమే. కాగితం మీద ఇది మెరుగే. కానీ కలం ఇంకా ఎవరి చేతిలో ఉంది? గనిలో అయితే యజమాని, ఏజెంటు, మేనేజరు చేతిలోనే. దెబ్బ తగిలినవాడు రాయడు, దెబ్బకు కారణమైనవాడు రాస్తాడు. ఊళ్లో దొర తన మీద తానే ఫిర్యాదు రాసుకున్న సందర్భం ఎవరైనా చూశారా?

కింద జరిగేది ఇలా ఉంటుంది. క్వారీలో కాలు నలిగినవాణ్ణి మేస్త్రీ బండి మీద ఎక్కించుకుని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతాడు. "బండి మీంచి పడ్డానని చెప్పు, ఖర్చంతా మేం పెట్టుకుంటాం" అంటాడు. చేతిలో పైసా లేనివాడు చెబుతాడు. ఇక అది రోడ్డు ప్రమాదమే. చావైతే కుటుంబానికి ఎంతో కొంత ముట్టజెప్పి రాజీ కాయితం రాయించుకుంటారు. దీనంతటికీ ముందే జరిగే పని ఒకటుంది. ముఠాలో పదిహేను మంది పనిచేస్తుంటే హాజరు రిజిస్టరులో నలుగురి పేర్లే ఉంటాయి. పేరు లేనోడికి ప్రమాదం జరగదు, వాడు ఆ క్వారీలో ఉన్నట్టే కాదు గనక. కొత్త కోడ్ 6వ సెక్షను ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలంటోంది. ప్రమాదాల గురించి మాట్లాడే కార్యకర్తలు ముందు పట్టుకోవాల్సింది ఈ పత్రాన్నే అని మా అభిప్రాయం.

పెద్ద ప్రమాదాలు మాత్రం దాచినా దాగవు. 2018 ఆగస్టు 3 రాత్రి కర్నూలు జిల్లా హత్తి బెళగల్ క్వారీలో పేలుడు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లెలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది పోయారు. 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవలో గ్రానైటు బండ విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కూలీలు చనిపోయారు. వలస కూలీ శవం సొంతూరికి పోయాక ఆ కేసు వెంట తిరగడానికి ఇక్కడ చుట్టం ఉండడు. అక్కడివాళ్లకు ఈ ఆఫీసులు తెలియవు, భాషా రాదు.

రోగం సంగతి ఇంకా అన్యాయం. రాతిలో ఉండే సిలికా డ్రిల్లు కింద పొడి అవుతుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో ఆగుతుంది, కనిపించనంత సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. శరీరం దాన్ని అరిగించుకోలేదు. చుట్టూ మచ్చ కడుతుంది, ఆ మచ్చలు పెరిగి ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. మామూలుగా పదేళ్లు, ఆ పైన దుమ్ము పీల్చాక బయటపడుతుంది. అప్పటికి క్వారీ మారి ఉంటుంది, కాంట్రాక్టరు మారి ఉంటాడు. పైగా సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ సులువుగా అంటుకుంటుంది. కాబట్టి టీబీ అని రాసిన డాక్టరు తప్పు రాసినట్టు కాకపోవచ్చు, సగమే రాసి ఉండొచ్చు. ఆ మిగతా సగంలోనే నష్టపరిహారం ఉంది.

మన తూర్పు కనుమల రాయి చాలావరకు ఖోండలైటు, చార్నకైటు. రెండిట్లోనూ క్వార్ట్జ్ ఉంటుంది. ఖోండలైటుకు ఆ పేరు ఖోండు ఆదివాసుల మీదుగా పెట్టారు. రాయికి ఆదివాసి పేరు పెట్టిన శాస్త్రం ఉంది. ఆ రాయి కొట్టి చచ్చినవాడి పేరు రాసే రిజిస్టరే దొరకదు.

పాత చట్టం 25వ సెక్షను ప్రకారం గని కార్మికుడికి వృత్తి రోగం ఉందని అనుమానం వచ్చినా డాక్టరు ఆలస్యం లేకుండా ప్రధాన తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే 50 రూపాయల జరిమానా. కొత్త కోడ్ 12వ సెక్షను దాన్ని పదివేల దాకా పెంచింది. ఆ కోడ్ మూడో షెడ్యూలులో సిలికోసిస్ ఉంది. కానీ పని ఏమిటో అడగని డాక్టరుకు అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? రాజస్థాన్ 2019లో తెచ్చిన విధానంలో కార్మికుడే స్వయంగా పేరు నమోదు చేసుకుంటాడు. జిల్లా బోర్డు పరీక్షించి రోగం ఉందని తేలిస్తే మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు. అక్కడి ఇసుకరాయి కార్మికులు కొట్లాడితే వచ్చిందది. గుజరాత్ క్వార్ట్జ్ మిల్లుల దుమ్ముతో చనిపోయిన మధ్యప్రదేశ్ ఆదివాసుల 238 కుటుంబాలకు మూడేసి లక్షలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది.

దళిత అధ్యయనానికి దీనితో ఏం పని అని ఒక సెమినారులో మమ్మల్ని అడిగారు. ప్రమాదం ఫారంలో వయసు రాస్తారు, చేసే పని రాస్తారు, కులం రాసే గడి లేదు. డ్రిల్లు ఎవరు పడతారు, రాయి ఎవరు మోస్తారు, లీజు ఎవరి పేరున ఉంటుంది అన్నది ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తున్నప్పుడు 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనిలోకి స్వయంగా దిగాడు. బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధికి 1944లో ఆర్డినెన్సు వచ్చింది. యుద్ధకాలంలో ఆడవాళ్లను మళ్లీ భూగర్భం పనిలోకి రానిచ్చిందీ ఆయన హయాంలోనే, దాన్ని దాచాల్సిన పనిలేదు. దిగి చూసి మాట్లాడాడన్నది మాకు ముఖ్యం.

ఇక చేయాల్సిన పని. లీజులు, రాయల్టీ చూసేది రాష్ట్ర గనుల శాఖ. భద్రత చూసేది కేంద్రం కింది గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్. దాని కేంద్రం ధన్‌బాద్, మన వైపు జోనల్ ఆఫీసు హైదరాబాదు. మన అర్జీలు సగం తప్పుడు గుమ్మానికే పోతున్నాయి. యజమాని రాసేదాకా ఆగనక్కర్లేదు, మనమే రాయొచ్చు. ఊరు, సర్వే నంబరు, తారీఖు, వేళ, దెబ్బ తగిలినవాడి పేరు, చేస్తున్న పని, మేస్త్రీ పేరు, చూసినవాళ్లు, తీసుకుపోయిన ఆసుపత్రి. ఒక్క పేజీ చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. చావైతే పోలీసులు శవ పంచనామా రాసే చోట మనవాడొకడు నిలబడి, చనిపోయింది క్వారీలోనని, ఫలానా పనిలోనని రాయించాలి. తర్వాత సమాచార హక్కు కింద డీజీఎంఎస్‌ను విచారణ నివేదిక అడగొచ్చు. దగ్గు ఉన్నవాళ్లు ఎక్స్‌రేలు పారేయకూడదు. ఏ క్వారీలో ఎన్నేళ్లు చేశారో వరసగా రాసుకుని ఆసుపత్రిలో ఆ కాయితం డాక్టరు ముందు పెట్టాలి.

మా పేటలో ఇప్పుడు క్వారీకి పోయే కుర్రాళ్లు ఎనిమిది మంది. వాళ్లతో ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. మొదటి పేజీలో పెదనాన్న పేరు రాయమంది పెదమ్మ. పని మొదలుపెట్టిన ఏడు ఆమెకు తెలియదు. "పెద్దది కడుపులో ఉంది అప్పటికి" అంది. పెద్దక్క బడి సర్టిఫికెట్ వెతుకుతున్నాం.