వేసవిలో కోడిపిల్లల సంరక్షణము

ధర్మపురి జిల్లాలోని తుంబలహళ్లి వంటి మెట్టపల్లెలలో పెరటికోళ్లు గృహిణికి చేతిసొమ్ము. ఏమరుపాటున ఆ సొమ్ము ఒక్క ఎండపూటలో నశింపవచ్చును.

కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుచు ఒంటివేడిని వెలికి పంపును. అయినను గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు మొదటివారమున సుమారు 35 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చదనము కావలెను. పిమ్మట వారమునకు సుమారు 3 డిగ్రీల చొప్పున ఆ అవసరము తగ్గును. కావున పసిపిల్లలకును నెలపిల్లలకును ఒకే పోషణ తగదు. పిల్లలు ఒకచోట గుమిగూడి అరచినచో చలియనియు, రెక్కలు జార్చి, ముక్కు తెరచి, ఎడమెడముగా నున్నచో వేడియనియు గ్రహింపవలెను.

గద్దలకు, కాకులకు వెరచి పిల్లలను గంపక్రింద మూయుదురు. గంపచుట్టును తడిగోనె కప్పినచో గాలియాడక ఉక్క హెచ్చును. గోనెను పైభాగముననే పరవవలెను. ప్రొద్దు వాలినకొలది నీడ జరుగును గనుక గంపనును జరుపవలెను. లోతులేని మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోసినచో పిల్లలు మునుగవు. మేత అరుగునపుడు ఒంటివేడి హెచ్చును. కావున ఉదయసాయంకాలములందే మేత వేయుట మేలు.

విడిగా తిరుగు కోడి తన పిల్లలను తానే నీడకు చేర్చుకొనును. గంప మూసిన పిమ్మట ఆ భారము మూసినవారిదే.